అవ్వ పింఛను, నా రిటర్ను

జూన్ 4, బుధవారం

పీఎఫ్ డబ్బులు మార్చిలోనే పడ్డాయట, బ్యాంకు మెసేజ్ మాత్రం ఈ రోజు వచ్చింది. ఫోన్ టింగుమనగానే లేచి నిలబడ్డాను, జాతీయగీతం వచ్చినట్టు. అంకె చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

తక్కువ. ఎంత తక్కువంటే, రెండు మంచి మేకలు వస్తాయి ఆ తగ్గిన డబ్బుతో.

అంకె ఇక్కడ రాయను. ఈ పుస్తకం ముట్టనే ముట్టనని నా భార్య సరోజన అంటుంది. మరి పేజీల అంచులకు ఈ పసుపు మరకలు ఎక్కడివో.

జూన్ 5

పొద్దున్నే రషీద్ భాయ్ నెట్ సెంటర్ తెరవకముందే షట్టర్ ముందు నిలబడ్డాను. అతను కంప్యూటర్‌లో చూసి, నన్ను చూసి, మళ్ళీ కంప్యూటర్ చూసి నవ్వడం మొదలుపెట్టాడు. చాలాసేపు నవ్వాడు. నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు.

"ఓదెలన్నా... నువ్వేనా గిది చేసింది?"

నేనే. ముప్పై ఏళ్ళు బొగ్గు లారీల కాంట్రాక్టరు ఆఫీసులో గుమాస్తాగా చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. డ్రైవర్లు, క్లీనర్లు, లోడింగు కూలీలు — అందరి పీఎఫ్ ఫారాలు నా చేతి మీదుగానే పోయేవి. ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. పాత ఖాతా కొత్త ఖాతాలో కలపకుండా పైసలు తీయకురా, ఐదేళ్ళు నిండలేదని టాక్స్ కోస్తారు అని. నాలుగేళ్ళ కింద మా కాంట్రాక్టరు కంపెనీ పేరు మార్చినప్పుడు అందరి ఖాతాలూ దగ్గరుండి కలిపించాను. అందరివీ.

నాది మరిచిపోయాను.

పైగా అరవై దాటినవాళ్ళు, పన్ను పడేంత ఆదాయం లేనివాళ్ళు ఒక ఫారం ఇస్తే అసలు కోయనే కోయరు. ఆ ఫారం కూడా ఎంతమందికి నింపి ఇచ్చానో లెక్క లేదు. నాకు నేను ఇచ్చుకోలేదు.

రషీద్ భాయ్ చివరికి జాలిపడ్డాడు. "పరేషాన్ కాకు అన్నా. నీ ఆమ్దనీ మీద టాక్సే పడదు. రిటర్న్ వేస్తే కోసింది కోసినట్టు వాపస్ వస్తది."

రిటర్ను. మా వంశంలో ఎవరూ వేయలేదు.

జూన్ 6

వేశాను. ఆధార్, పాన్, ఓటీపీ... ఓటీపీ వచ్చేలోగా ఫోన్ లాకైంది. రెండోసారికి అయింది. కాపీ తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టించుకున్నాను. నడుస్తుంటే ఛాతీ కొంచెం ముందుకు వచ్చినట్టు అనిపించింది.

గడపలోనే అవ్వ కూర్చుని ఉంది. ఎనభై మూడేళ్ళు. చూపు తగ్గింది గానీ, నా చేతిలో ఏముందో ఎప్పుడూ కనబడుతుంది ఆమెకు.

"ఏందిరా గది?"

"సర్కారుకు నా లెక్క చెప్పిన కాగితమవ్వా."

"నిన్నెవరు అడిగిండ్రు?"

కవర్ పట్టుకుని లోపలికి పోయాను.

జూన్ 27

రిఫండ్ వచ్చింది! కోసింది మొత్తం. పై చిల్లర వడ్డీతో సహా.

రషీద్ భాయ్‌కి చాయ్, బిస్కట్లు. మటన్ ఆదివారం అనుకున్నాం. కూరగాయల దుకాణం దగ్గర ఇద్దరికి, మెడికల్ షాపులో ఒకరికి చెప్పాను — సర్కారు నుంచి డబ్బు వెనక్కి రప్పించానని. మెడికల్ షాపాయన లేచి కుర్చీ వేశాడు.

జూన్ 29, ఆదివారం

మటన్. మూలుగ బొక్క అవ్వకే. ప్రపంచం బాగుంది.

జూలై 9

వాన. స్కూటర్ స్టార్ట్ కాలేదు. ఇంకేం లేదు రాయడానికి.

జూలై 25

అవ్వ పింఛను రోజు. మా ఇంట్లో ఇది ఒక పండుగ. ముందు రోజే గంజి పెట్టిన చీర. తలకు నూనె. పక్కింటి రాజవ్వ, ఇంకో ముగ్గురు ముసలమ్మలు — అంతా ఒకే ఆటోలో పోస్టాఫీసుకు. వేలు పెట్టి, రెండు వేల పదహారు తీసుకుని, దారిలో చాయ్ తాగి, ఎవరి కోడలు ఎట్లాంటిదో మాట్లాడుకుని మధ్యాహ్నానికి వస్తారు. "పదహారు ఎందుకు పెట్టిండ్రో ఎర్కేనా? పెండ్లిల సదివించినట్టు. సర్కారు నాకు నెలనెలా సదివిస్తది," అంటుంది అవ్వ. ఆ పదహారు వక్కకు, ఆకుకు. తక్కింది ఆమె ఇష్టం. కరెంటు బిల్లుకు ఒకసారి ఇచ్చింది, మమ్మల్ని ఏడాది పాటు దెప్పింది.

ఈ రోజు పదిన్నరకే వచ్చేసింది. మెట్ల మీద కూర్చుంది. చీర కొంగు ముడి విప్పలేదు.

"పేరు లేదన్నడు."

"మళ్ళ చూడమనలేదా?"

"మూడుసార్లు చూసిండు. నా పేరు లేదట. రాజవ్వ పేరున్నది. గా గుడ్డి లచ్చవ్వ పేరున్నది. నాదే లేదు." కొంగు ముడి నలుపుతూ — "నేను సచ్చిపోయిన్నని రాసుకున్నరేమోరా."

జూలై 26

పింఛన్ల ఆఫీసుకు పోయి అడిగి వచ్చాను. చచ్చిపోలేదు. అంతకన్నా ఇబ్బంది.

కంప్యూటర్‌లో కారణం ఉంది. ఇంట్లో ఇన్‌కం టాక్స్ వాళ్ళు ఉన్నారట. 

తిరిగి వస్తుంటే దారి మామూలుకన్నా పొడవుగా ఉంది.

జూలై 27

సరోజనకు చెప్పాను. పప్పు తిరగమోత పెడుతోంది. గరిటె అలాగే ఆగిపోయింది.

"నీ రెండు మేకల కోసం ముసల్దాని పించిని కోయించినవా?"

మేకల సంగతి నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా అనలేదు.

జూలై 28

అవ్వకు ఇంకా చెప్పలేదు.

జూలై 29

చెప్పలేదు.

జూలై 30

చెప్పే అవసరం రాలేదు. రాజవ్వ మనవరాలు ఫోన్లో ఏదో చూసి చెప్పిందట. సాయంత్రం చాయ్ దగ్గర అవ్వ మొదలుపెట్టింది.

"మనింట్ల ఇన్‌కం టాక్సోళ్లు ఉన్నరటరా."

గబగబా చాయ్ తాగేశాను.

"ఎవడురా వాడు? మనింట్ల గంత పెద్దోడు ఎవడున్నడు?"

సరోజన నా వైపు చూసింది. నేను చాయ్ గ్లాసులోకి చూశాను. గ్లాసులో ఏమీ లేదు.

అవ్వకు అర్థమైంది. అరవలేదు. ఏడవలేదు. ఒకే మాట — "లెక్క చెప్పినవు గద, ఎవ్వలు అడగకముందే."

జూలై 31

పొద్దున అవ్వ ముందు నిలబడి, నెలనెలా ఆ రెండు వేల పదహారు నేనే ఇస్తానన్నాను. పదహారుతో సహా. నా మాట నాకే ఉదారంగా వినిపించింది.

అవ్వ వక్క కొరుకుతూ విన్నది. తర్వాత మెల్లగా మాట్లాడింది. ఆమె మెల్లగా మాట్లాడితేనే నాకు భయం.

"సిన్నప్పుడు మా బాపు చేతుల నుంచి తీసుకున్న. పెండ్లైనంక మీ బాపు చేతుల నుంచి. ఆయన పోయినంక నీ చేతుల నుంచి. ఇయ్యంగ ఇయ్యంగ నీ మొఖం ఎట్లుంటదో నాకు ఎర్కే. గిదొక్కటేరా... ఎవ్వని మొఖం చూడకుండ వచ్చేది. వేలు పెడితే వచ్చేది. నా వేలు."

వేలు చూపించింది. బొటనవేలు. గని గేటు దగ్గర ఏళ్ళ తరబడి సర్వపిండి రొట్టెలు కాల్చి అమ్మిన వేలు, గీతలన్నీ అరిగిపోయి ఉంది. పోస్టాఫీసు మిషను దాన్ని గుర్తుపట్టడానికి ప్రతి నెలా నాలుగైదుసార్లు రుద్దించుకుంటుంది. అయినా గుర్తుపడుతుంది.

నా మొహం ఎట్లా ఉంటుందో అద్దంలో చూసుకున్నాను. నిజమే.

ఆగస్టు 1

ఒక ఉపాయం చేశాను. రాయడానికే సిగ్గుగా ఉంది. రాజవ్వ చేతిలో రెండు వేల పదహారు పెట్టి, "పోస్టాఫీసాయన ఇచ్చిండని చెప్పు" అన్నాను.

ఆగస్టు 2

రాజవ్వ చెప్పింది. అవ్వ నోట్లు వాసన చూసిందట.

"నేను వేలు పెట్టకుంటనే ఇచ్చిండా? గా పోస్టాఫీసాయన పోయిన నెల వాళ్ళవ్వకే ఇయ్యలేదు, వేలు పడలేదని. నాకిస్తడా?"

డబ్బు నా దిండు కిందికి తిరిగి వచ్చింది. పదహారు మాత్రం రాలేదు. రాజవ్వ ఉంచుకుంది, నోరు నొప్పి పుట్టినందుకట.

ఆగస్టు 4, సోమవారం

ఆఫీసు. అవ్వ కూడా వస్తానంది. వద్దంటే చెప్పులు వేసుకుని ఆటోలో ముందే కూర్చుంది.

అక్కడ ఒక మేడమ్. చిన్నపిల్ల, అత్తారింట్లో ఉన్న మా అమ్మాయి వయసు. ఎదురుగా ఫైళ్ళ గుట్ట. ఓపికగా విన్నది. నా ప్లాస్టిక్ కవర్ తీసి చూపించాను. రిటర్ను వేయడం వేరు, టాక్స్ కట్టడం వేరు మేడమ్, నాకు పడ్డ టాక్సు సున్నా, కోసింది కూడా వెనక్కి వచ్చింది, ఇదిగో...

"మీరు చెప్పేది నిజమే పెద్దాయనా. రిటర్న్ వేసినోళ్ళందరు టాక్స్ కట్టినట్టు కాదు. కాని లిస్టు పైనుంచి వచ్చింది. నేను తీసెయ్యలేను. దరఖాస్తు రాసియ్యండి, ఈ కాగితాలు జతచెయ్యండి, పైకి పంపిస్త. టైం పడుతది."

"ఎంత?"

ఫైళ్ళ గుట్ట వైపు చూసింది. పాపం, ఆమెకూ తెలియదు.

తర్వాత మామూలుగా అడగవలసిన ప్రశ్న అడిగింది. "అవ్వ మీతోనే ఉంటదా? పొయ్యి ఒకటేనా?"

"ఒకటే మేడమ్."

"వేరే ఉంటే వేరే కుటుంబం కింద వస్తది. అప్పుడు మీ రిటర్న్‌తోని ఆమెకు సంబంధం ఉండదు. ఒక్క పొయ్యి అంటే ఒక్క కుటుంబం. అందుకే అడిగిన."

నేను దరఖాస్తు రాస్తున్నాను. వెనక నుంచి అవ్వ గొంతు.

"వేరు పడితే వస్తదా బిడ్డా?"

"నిజంగ వేరుంటేనే అవ్వా. ఊకె రాసిస్తే కాదు. మేం వచ్చి చూస్తం."

"అబద్దం నేనెందుకు చెప్త?" అంది అవ్వ. "వేరే పడత."

ఆగస్టు 5

పొద్దున లేచేసరికి పెరటి గదిలో చప్పుడు. పాత టైర్లు, విరిగిన కూలరు, నా ముప్పై ఏళ్ళ డైరీలు పెట్టుకున్న గది అది. అవ్వ తలకు గుడ్డ కట్టుకుని ఊడుస్తోంది. డైరీలు వరండాలో వానకు తడుస్తున్నాయి.

"అవ్వా, నీకేమన్న బుద్ధుందా? దరఖాస్తు ఇచ్చినం గద. అది అయితది."

"అయ్యేదాంక ఉంటనో పోతనో. జరుగు."

ఆగస్టు 6

సరోజన సహకరిస్తోంది! నన్ను అడగకుండా చిన్న గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు, ఉప్పు డబ్బా ఇచ్చింది. "అత్తమ్మ పింఛను ఎవరు కోయించిండ్రో గాళ్ళు మాట్లాడొద్దు," అంది. ఒక్క గిన్నె కూడా అవ్వ ఊరికే తీసుకోలేదట. అప్పు కింద రాసుకోమందట.

అవ్వ మంచం నేనే మోశాను. పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి చూశారు. కన్నతల్లి మంచాన్ని కొడుకు బయటికి మోసుకుపోతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారో నాకు అప్పుడు తోచలేదు.

ఆగస్టు 7

తోచింది.

పొద్దున పాలు పోయడానికి వచ్చినతను నాకు నమస్తే పెట్టలేదు. మెడికల్ షాపాయన కుర్చీ వేయలేదు. అవ్వ బీపీ గోలీలు చేతికిస్తూ, "పెద్దమనిషి వయసు. మనకు గూడ రేపు గదే గతి వస్తదన్నా," అన్నాడు.

వివరించాలని చూశాను. పీఎఫ్ నుంచి మొదలుపెట్టాను. పాత ఖాతా, కొత్త ఖాతా దాకా వచ్చేసరికి ఆయన ఇంకొకరికి దగ్గు మందు ఇస్తున్నాడు.

ఆగస్టు 8

ఖానాపూర్ నుంచి చెల్లె కమల ఫోన్. హలో లేదు, ఏమీ లేదు. ఏడుపే.

"అవ్వను ఎల్లగొట్టినవటనే అన్నా? గంత బరువైందా? నేను తోలుకపోత. రేపే వస్త."

"ఎవరు చెప్పిండ్రే?"

"అవ్వనే చెప్పింది!"

పెరట్లోకి పోయి అడిగాను. అవ్వ ఉల్లిగడ్డ కోస్తోంది. "వేరు పడ్డనని చెప్పిన. అబద్దమా?"

ఆగస్టు 10, ఆదివారం

కమల వచ్చింది. బ్యాగు సర్దడానికి పెరటి గదిలోకి పోయింది. రెండు గంటలు బయటికి రాలేదు. వచ్చేసరికి నోరు తుడుచుకుంటోంది. సర్వపిండి తిన్నదట. 

"అవ్వ మంచిగనే ఉన్నది గదనే. నువ్వే గిట్ల ఎండిపోయినవేంది?"

సాయంత్రం బస్సుకు పోయింది, ఒక డబ్బా కట్టించుకుని.

నాకు పెట్టలేదు. వాసన మాత్రం వచ్చింది. నువ్వులు, పల్లీలు, కరివేపాకు, అడుగున మాడీ మాడనట్టు... నేను ఉప్మా తిన్నాను.

ఆగస్టు 14

సరోజన మధ్యాహ్నం కనబడదు. "పెరట్ల బట్టలు ఆరేస్తున్న," అంటుంది. రోజూ గంటన్నర బట్టలు ఆరేయడానికి మాకు ఉన్నవి నాలుగు జతలు.

ఆగస్టు 19

రిటైరు డబ్బు బ్యాంకులో డిపాజిట్ వేశాను. ఆ కోయకూడదనే ఫారం ఈసారి ముందే ఇచ్చాను. మూడు కాపీలు. ఒకటి చాలు సార్ అన్నాడు కౌంటర్‌లో అతను. పట్టుబట్టి రెండో దాని మీద ముద్ర వేయించుకున్నాను. మూడోది జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఎవరైనా అడుగుతారేమోనని.

ఎవరూ అడగలేదు. రషీద్ భాయ్ అడిగినా బాగుండేది.

ఆగస్టు 26

ఇంట్లో చప్పుడు లేదు. చప్పుడంతా పెరట్లో. రాజవ్వ, లచ్చవ్వ, ఇంకా నాకు పేరు తెలియనివాళ్ళు. బియ్యప్పిండి వాళ్ళే తెస్తారు, అవ్వ కాలుస్తుంది, అంతా తింటారు. నేను తలుపు దగ్గర కనబడితే మాటలు ఆగిపోతాయి. నా గురించే అన్నమాట.

అవ్వ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మూలన మంచం మీద పడుకునేది. మోకాళ్ళు, నడుము, నిద్ర పట్టదు, ఆకలి లేదు. ఇప్పుడు మోకాళ్ళ మాటే లేదు. అది చూసి సంతోషించాలి కదా. సంతోషిస్తున్నాను అనే అనుకుంటున్నాను.

సెప్టెంబర్ 2

సరోజనకు కొత్త భయం. ఈ లిస్టు ఇక్కడితో ఆగుతుందా, రేపు బియ్యం కార్డు కూడా పోతే? ఆమె మోకాలి ఆపరేషన్ ఉచిత వైద్యం కార్డు మీదే అనుకున్నాం కదా. రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. (మధ్యాహ్నం తిని ఉంటుంది, పెరట్లో.)

నాకూ భయమే. ముప్పై ఏళ్ళు ఇంకొకరి కాగితాల మీద సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను. నా ఒక్క కాగితం ఇంటిని రెండు పొయ్యిలు చేసింది.

సెప్టెంబర్ 11, గురువారం

ఇది పూర్తిగా రాయాలి.

పదకొండు గంటలు. సరోజన మార్కెట్‌కు పోయింది. పొద్దుటి నుంచి అదే వాసన. ఐదు వారాలు తట్టుకున్నాను. ఈ రోజు కాళ్ళు వాటంతట అవే పెరటి వైపు పోయాయి. మోటారు చూసే వంకతో రెండుసార్లు అటు ఇటు తిరిగాను. మూడోసారి అవ్వ తల ఎత్తకుండానే అంది—

"రా. కూసో. మోటరు మంచిగనే నడుస్తది."

కూర్చున్నాను. కింద, పీట మీద, చిన్నప్పటిలాగే. గిన్నెలోంచి తిరగేసి ఆకులో వేసింది. గుండ్రంగా, మధ్యలో నాలుగు వేళ్ళ చిల్లులు. మొదటి ముక్క నోట్లో పెట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పచ్చిమిర్చి అనే అనుకుంటున్నాను.

రెండోది సగంలో ఉండగా గేటు చప్పుడు.

మేడమ్. చేతిలో ట్యాబు. తనిఖీ.

నేను లేవబోయాను. నోరు నిండుగా ఉంది. అవ్వ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "తినేకాడ లేవద్దు."

మేడమ్ గది చూసింది. పొయ్యి, గిన్నెలు, మంచం, తాడు మీద రెండు చీరలు. ట్యాబులో కొట్టుకుంటోంది. "పొయ్యి వేరే ఉన్నది... మంచిగ. కొడుకు ఇంట్ల తింటవా అవ్వా?"

"తినను."

"కొడుకు పైసలు ఇస్తడా?"

"ఇయ్యబోయిండు. తీసుకోలే."

మేడమ్ నన్ను చూసింది. చేతిలో సర్వపిండి. మీసానికి నువ్వులు.

"మరి గీయన..."

"వాడా? వాడే నా కాడ తింటుండు."

మేడమ్ ట్యాబు చూసింది. నన్ను చూసింది.

"అవ్వా, ఒక్క పొయ్యి మీద తింటే ఒక్క కుటుంబమే అయితది గద. నేనేం రాయాలె?"

ఇక్కడ నేను ఒక అబద్ధం చెప్పవచ్చు. ఈ రోజొక్కటే వచ్చానని. అది నిజమే కూడా! కానీ నోట్లో ముక్క ఉంది, మింగుడు పడదు. అవ్వే మాట్లాడింది.

"ఉన్నది ఉన్నట్టు రాయి బిడ్డా. వాని భార్య గూడ తింటది. రోజూ. నా బిడ్డ ఖానాపూర్ నుంచి వచ్చి తినిపోయింది. వీళ్ళంత నా కుటుంబమని రాస్తే గూడ రాసుకో. కాని పొయ్యి నాది. పెద్దను నేను. వాడు నా లెక్కల ఉంటడు గాని, నేను వాని లెక్కల ఎట్లుంట?"

మేడమ్ నవ్వు ఆపుకుంది. ఆపుకోలేకపోయింది. అవ్వ ఆమెకు కూడా ఒక ఆకు వేసింది. డ్యూటీలో తినకూడదంది. అవ్వ వినలేదు. ఆమె తిన్నది. ఆకు మడిచి, చెయ్యి కడుక్కుని, చాలాసేపు ట్యాబు వైపు చూసింది.

"కుటుంబం పెద్ద అనేకాడ మీ ఇద్దరిల ఎవరి పేరు పెట్టాలెనో దాంట్ల ఆప్షన్ లేదు," అంది. "మీ టాక్స్ సున్నా కాగితం పైకి పోయింది పెద్దాయనా. దాని మీదనే నడిపిస్త. గిది... నేను చూసిన అని రాస్త. గంతే."

గేటు దగ్గర నాతో మెల్లగా, "మా అమ్మమ్మ గిట్లనే చేసేది," అంది. పోయింది.

సరోజన మార్కెట్ నుంచి వచ్చాక జరిగిందంతా చెప్పాను. "రోజూ తింటదని చెప్పిందా?" అని ఒక్కటే అడిగింది.

సెప్టెంబర్ 12

అవ్వ మీద కోపంగా ఉంది. ఒక్క మాట అబద్ధం చెబితే పోయేది కదా.

సాయంత్రానికి కోపం లేదు. నాకు ఆ రిటర్ను రోగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. ఎవరూ అడగకముందే లెక్క చెప్పడం.

సెప్టెంబర్ 22

బతుకమ్మ మొదలై రెండో రోజు. పొయ్యి వేరైతే బతుకమ్మ వేరు అంది అవ్వ. మా ఇంటి నుంచి రెండు బతుకమ్మలు. తంగేడు పూలకు నేనే పోయాను, స్కూటర్ మీద రెండు సంచులు. పంచేటప్పుడు సరోజనకు ఒక దోసెడు తక్కువైంది. "పైసలకు తెచ్చినవా, ఊకెనే తెచ్చినవా?" అడిగింది అవ్వ. ఊరికేనే అన్నాను. "అయితే తీసుకుంట."

కాలనీలో నాకు మళ్ళీ నమస్తేలు మొదలయ్యాయి. ఎందుకో తెలియదు. మెడికల్ షాపాయనకు కూడా పెరటి నుంచి ఏదో చేరి ఉంటుంది.

అక్టోబర్ 8

రషీద్ భాయ్ ఫోన్. "అన్నా, దేఖో! అవ్వ పేరు లిస్టుల వచ్చింది. సున్నా టాక్స్ అని పట్టుకున్నరు." ఆగిన నెలలవి కూడా వస్తాయా? అది మాత్రం రాసి లేదట. మళ్ళీ దరఖాస్తు పెట్టాలేమో. పెడతాను. రెండు కాపీలు.

పరుగెత్తాను. అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. విన్నది. చెంగుతో కళ్ళు ఒత్తుకుంది, ఒకసారి, గబుక్కున. తర్వాత మళ్ళీ రాళ్ళు.

"సరే. మంచిది."

అక్టోబర్ 24

పింఛను రోజు. గంజి పెట్టిన చీర. ఆటో. రాజవ్వ. ఆరుసార్లు వేలు రుద్దించారట, ఏడోసారి పడింది. మధ్యాహ్నం దాటాకే వచ్చింది. ఎవరి కోడలు ఎట్లాంటిదో చాలా రోజుల బాకీ ఉన్నట్టుంది.

ఉప్పు డబ్బా, గిన్నెల అప్పు తీర్చేసింది సరోజనకు. సరోజన వద్దంటే ముక్కు మీద కోపం.

అక్టోబర్ 25

పొద్దున్నే మంచం మోయడానికి తయారై పోయాను. భుజం మీద తువ్వాలు వేసుకుని.

"అవ్వా, పని అయింది గద. ఇగ లోపలికి రా. నీ మూల అట్లనే ఉన్నది."

అవ్వ పొయ్యి తుడుస్తోంది. గోడకు కొత్తగా ఒక చిన్న క్యాలెండర్, మేకు కొట్టి ఉంది. ఎవరు కొట్టారో.

"సూద్దాం," అంది.

"ఏం చూద్దాం?"

"సలికాలం రానీ."

చలికాలంలో ఆ గది ఇంకా చల్లగా ఉంటుంది, రేకుల కప్పు. ఆ మాటే అన్నాను. దుప్పటి కొనుక్కుంటానంది. తన పైసలతో.

అక్టోబర్ 27

సరోజన అంటోంది, ఎందుకు పిలుస్తున్నావు, ఆమెకు అక్కడ బాగుంది అని. నిజమే. నాకు ఇక్కడ బాగలేదు — ఆ మాట ఎవరికి చెప్పాలి? దానికి దరఖాస్తు ఏ కౌంటర్లో ఇవ్వాలి?

అక్టోబర్ 29

పొద్దున ఏడు. చల్లగాలి. అవ్వ ఇంకా లేచినట్టు లేదు, మామూలుగా ఆరింటికే చీపురు చప్పుడు వస్తుంది. రెండు గ్లాసుల చాయ్ పట్టుకుని పెరట్లోకి పోయాను.

లోపల దగ్గు వినబడింది. బాగానే ఉంది.

తలుపు దగ్గరకు వేసి ఉంది, గొళ్ళెం లేదు. ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో అవ్వ ఉన్న చోటికి పోవడానికి ఎప్పుడూ తలుపు కొట్టలేదు నేను. తోసుకుని పోవడమే. ఇప్పుడు అది ఆమె ఇల్లు. కొట్టాలా? కొట్టి ఎవరినని చెప్పాలి?

చేతుల్లో గ్లాసులు కాలాయి. అయినా నిలబడే ఉన్నాను...